గ్రనాడా వదినగారికి, లెయోన్ నుంచి

గ్రనాడా,
జనవరి 12, 1971

లెయోన్‌లో ఉన్న ఒతీలియా వదినగారికి,

మీ వియ్యపురాలు ఫిదెలీనా రాస్తున్నది. ఇక్కడ దేవుడి దయవల్ల అందరం బాగున్నాం, మీరూ బాగున్నారని తలుస్తాను. నా చదువు మూడో క్లాసుతో ఆగిపోయింది కాబట్టి తప్పులుంటే దిద్దుకుని చదవండి. దిద్దడమంటే మీకు ఇష్టమేనని మీ అమ్మాయి చెప్తూ ఉంటుంది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే కలం ఆగేలా లేదు. మీ నొహేలియాకి ఐదో నెల. మూడో నెలలోనే రాస్తానంటే "ఇంకొన్నాళ్ళు ఆగండి అత్తమ్మా" అని చెయ్యి పట్టుకుంది. ఇప్పుడిక పొట్టే చెప్తోంది, మనం దాచేదేముంది? మా ఆయన లాసరో సంగతి మీకు తెలుసుగా, నోట్లో నువ్వుగింజ నానదు. రేవులో పడవలు బాగుచేసే వాళ్ళందరికీ అప్పుడే చెప్పేశాడు. మొన్న చేపలమ్మే ఆవిడ నన్నే ఆపి "ఏమమ్మా, నాయనమ్మవి అవుతున్నావంటగా" అని అడిగింది.

మా అబ్బాయి దామియాన్ రేవు నుంచి రోజూ సరస్సు చేప తెస్తాడు. మీ అమ్మాయి ముళ్ళు తప్ప ఏమీ మిగల్చదు. ఇప్పుడు అచ్చం గ్రనాడా పిల్లయిపోయింది, లెయోన్ వంటలు గుర్తే లేవంటుంది!

పెళ్ళి మీ ఊళ్ళోనే జరిగింది. అన్నయ్యగారు పోయాక మేమే మీ దగ్గరికి వచ్చాం. మీరు మాత్రం మా గడప ఒక్కసారీ తొక్కలేదు. తీరిక చూసుకుని రండి. సాయంత్రం వీధిలో ఊగుడు కుర్చీలు వేసుకుని, సరస్సు గాలికి కూర్చుని వచ్చేపోయే వాళ్ళ మీద నాలుగు మాటలు చెప్పుకుందాం.

మీ వదిన,
ఫిదెలీనా


లెయోన్,
జనవరి 17, 1971

గౌరవనీయులైన ఫిదెలీనా వదినగారికి,

మీ ఉత్తరం అందింది. చదివి దేవుడికి దణ్ణం పెట్టుకుని, మా ఆయన ఫోటో ముందు కొవ్వొత్తి వెలిగించాను. ఆయనుంటే ఈపాటికి వీధి వీధీ తిరిగి చెప్పి వచ్చేవాడు.

అమ్మాయికి లెయోన్ వంట గుర్తు లేదన్నారు. సంతోషం. పంతొమ్మిదేళ్ళు పెట్టిన చెయ్యి మూడేళ్ళలో మరుగున పడిందన్నమాట. సరస్సు చేపలో ఏదో మహిమ ఉండి ఉండాలి.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. పోయినేడు జూన్‌లో మా ఆయన పోయినప్పుడు తొమ్మిది రోజుల ప్రార్థనలకూ నొహేలియా రాలేదు. రాలేనని టెలిగ్రాం వచ్చింది. మీరూ, అన్నయ్యగారూ, అల్లుడూ ఒకపూట వచ్చి వెళ్ళారు. "జ్వరం" అన్నారు. కన్నతండ్రిని పంపించడానికి రానివ్వనంత జ్వరమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. వీధిలో వాళ్ళు తలా ఒకటి అన్నారు. నేను పైకి ఏమీ అనలేదు.

పోనీండి. ఇది మంచి మాటల సమయం. నేను కుట్టిన పసిచొక్కాలు రైల్లో వచ్చే మనిషి చేత పంపుతున్నాను. బిషప్పుగారి పూజ దుస్తులకు వాడిన దారంతోనే అంచులు కుట్టాను. ఫిబ్రవరి మొదటి వారంలో నేనే వస్తాను. మీ ఊరు చూడాలని కాదు. నూరేళ్ళ కిందట మన రెండూళ్ళూ కొట్టుకుంటే, ఒక పరాయివాడు దండుతో వచ్చి మీ ఊరు తగలబెట్టిపోయాడని చదువుకున్నాను, ఆ పరాయివాణ్ణి పిలిచింది మా లెయోన్ వాళ్ళేనని కూడా చదువుకున్నాను. అయినా మాకూ మీకూ ఇంకా ఆ కోపమెందుకు? బిడ్డను చూడటానికి వస్తాను.

ఇట్లు,
ఒతీలియా


గ్రనాడా,
జనవరి 24, 1971

వదినగారికి,

చొక్కాలు అందాయి. అంత సన్నని కుట్టు నేను పుట్టి ఎరగను. చూసి, మళ్ళీ అదే కాగితంలో చుట్టి, పెట్టె అడుగున పెట్టేశాను. సమయం వచ్చేదాకా వాటిని తియ్యకుండా ఉంటేనే మంచిది.

డాక్టరు నొహేలియాని మంచం దిగొద్దన్నాడు. కంగారు పడాల్సిందేమీ లేదు. అందుకే వదినా, మీరు ఫిబ్రవరిలో రావద్దు. ఈ ఒక్క నెల దాటనివ్వండి. మార్చిలో రండి, ఈస్టర్‌కి రండి, వచ్చి ఏడాది ఉండండి, నేను కాదంటే అడగండి. ఈ నెల మాత్రం వద్దు.

జూన్ సంగతి అడిగారు. మీరు ఏమనుకున్నా పడతాను.

పార్కులో నా తినుబండారాల బండి ఇప్పుడు మా చెల్లెలు చూస్తోంది. నేను ఇంట్లోనే ఉంటున్నాను. ఎండలు ముదిరాయి, మొంబాచో కొండ మీద మబ్బు కూడా లేదు.

మీ వదిన,
ఫిదెలీనా


లెయోన్,
జనవరి 31, 1971

ఫిదెలీనాగారికి,

మొదటి ఉత్తరంలో రమ్మన్నారు, రెండో ఉత్తరంలో రావద్దన్నారు. మీ ఇల్లు, మీ ఇష్టం. కాని ఆ మంచం మీద పడుకున్నది నేను కన్న పిల్ల.

నా చొక్కాలు పెట్టె అడుక్కి వెళ్ళాయని రాశారు. గ్రనాడాలో ఇంకా మంచి కుట్టు దొరుకుతుందేమో. పాత బట్టలతో పాటు పడి ఉండనివ్వండి.

వాళ్ళ నాన్న చావుకి రానివ్వలేదు. ఇప్పుడు కన్నతల్లిని గుమ్మంలోకి రానివ్వటం లేదు. మా లెయోన్‌లో రాయి విసిరితే కవి నెత్తిన పడుతుందంటారు, నేను కవిని కాను కాబట్టి ఉన్నమాట తిన్నగా రాస్తున్నాను. వచ్చే శనివారం రైలెక్కి వస్తాను. వచ్చి నా కూతుర్ని నా ఇంటికి తీసుకుపోతాను. పడుకోవడానికి మంచాలు మా ఊళ్ళోనూ ఉన్నాయి.

ఫిబ్రవరి 5

ఈ ఉత్తరం పోస్టు చెయ్యకముందే మా ఊరి అగ్నిపర్వతం నల్లకొండ పేలింది.

మధ్యాహ్నం భోజనాల వేళ దీపాలు పెట్టుకున్నాం. కోళ్ళు రాత్రయిందనుకుని గూళ్ళలోకి పోయాయి. ఆకాశం నుంచి నల్ల ఇసుక కురుస్తోంది, ఆగడం లేదు. ఇప్పుడు కూడా కాగితం మీద పడుతోంది, చేత్తో తుడిచి రాస్తున్నాను. చిక్కుడుగింజలు వండుకుంటే పళ్ళ కింద కరకర. తలకి గుడ్డ చుట్టుకుని, గొడుగేసుకుని గుడికి పోతున్నాం. రైలు పట్టాల మీద ఇసుక పేరుకుందట.

ఎదురింటి వంటగది కప్పు నిన్న కూలింది. మా పెంకులు కూడా మధ్యలో ఒంగాయి. ఎక్కి ఊడ్చే మనిషి దొరకడు, ఎవరి కప్పు వాళ్ళదే. నిచ్చెన వేసుకుని నేనే సగం దాకా ఎక్కాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు.

కాబట్టి నేను శనివారం రాలేను. సంతోషించండి.

పైన రాసింది చింపేద్దామనుకున్నాను, చింపలేదు.

ఒతీలియా


గ్రనాడా,
ఫిబ్రవరి 7, 1971

ఒతీలియా వదినగారికి,

మీ ఉత్తరం ఈ పొద్దున అందింది. చదివాను. మళ్ళీ మళ్ళీ చదవలేదు, తిట్లు ఒకసారి చాలు. రేడియోలో నల్లకొండ సంగతి ముందే విన్నాం.

ఈ ఉత్తరం తెచ్చి మీ చేతికిచ్చేది మా ఆయనా, మీ అల్లుడూ. ఒక పాలలారీ వాడు దొరికాడు, వాడితో బయల్దేరుతున్నారు. రెండు పారలు, చీపుర్లు, తాడు, మూడు బిందెల మంచినీళ్ళు పంపుతున్నాను. వాళ్ళు ముందు మీ కప్పు ఊడుస్తారు, తరవాత ఎదురింటిది ఊడుస్తారు. లాసరోకి ఎత్తులంటే భయం లేదు, పడవ కొయ్యలెక్కిన మనిషి. కాకపోతే మాట్లాడుతూ ఊడుస్తాడు, అది మాత్రం మీరు భరించాలి.

నొహేలియా లేచి తనూ లారీ ఎక్కుతానంది. "నువ్వు మంచం దిగితే నేను ఈ గుమ్మానికి అడ్డంగా పడుకుంటాను, నన్ను దాటుకుని పో" అన్నాను. ఏడ్చి, కాసేపటికి నిద్రపోయింది. నిద్రలో "అమ్మా" అంది. నేను కాదు, మీరు.

మీరు నన్ను ఏమన్నా సరే. ఇల్లు కూలే దాకా అందులో ఉండొద్దు, నేను కోరేది అంతే. ఒంట్లో ఓపిక ఉన్నంతవరకూ మీ మాటలు పడతాను కాని మీ ఇల్లు మీ మీద పడటం చూడలేను.

మీ వదిన,
ఫిదెలీనా


లెయోన్,
ఫిబ్రవరి 15, 1971

నా ఫిదెలీనా వదినకు,

ఇసుక ఆగింది. నిన్నటి నుంచి ఆకాశం నీలంగా ఉంది. మీ వాళ్ళిద్దరూ రేపు బయల్దేరుతున్నారు, ఈ ఉత్తరం వాళ్ళతోనే పంపుతున్నాను.

ముందు మీ ఆయన గురించి. ఆయన పారతో మా కప్పెక్కగానే వీధి వీధంతా బయటికొచ్చింది. మూలింటి ముసలాయన "ఒరేయ్, గ్రనాడా వాళ్ళు మళ్ళీ దండెత్తి వచ్చార్రోయ్, ఈసారి పారలతో!" అని అరిచాడు. మీ ఆయన పైనుంచే "మీ ఊరు మట్టిలో కలిసేలా ఉంటే చూడలేక వచ్చాం తాతా! పక్కకి తప్పుకో, నీ నెత్తినే పోస్తున్నా!" అన్నాడు. అంతే, సాయంత్రానికి ఆ ముసలాయన కప్పు కూడా ఆయనే ఊడ్చాడు. ఆ రాత్రి వాళ్ళావిడ కోడి పంపింది. మా వీధిలో గ్రనాడా మనిషికి ఎవరైనా కోడి పంపడం ఇదే మొదలు.

ఇక రెండో సంగతి. రాయడం కష్టంగా ఉంది.

మూడో రోజు భోజనాల దగ్గర నేను నొహేలియా గురించి అడుగుతూ ఉంటే మీ ఆయన నన్ను ఓదార్చబోయాడు. "కంగారు పడకు చెల్లెమ్మా. పోయినేడు జూన్‌లో కూడా మా ఆవిడ బండి మూసేసి ఆ పిల్ల పక్కనే కూర్చుంది. ఇప్పుడూ అంతే. ఈసారి బిడ్డ నిలుస్తుంది" అన్నాడు.

దామియాన్ చేతిలో రొట్టె ఆగిపోయింది. "నాన్నా!" అన్నాడు.

"ఏం? ఏమన్నాను?"

"ఈసారి అంటే ఏమిటి అన్నయ్యగారూ?" అని అడిగాను.

ఆయన నా మొహం చూసి, కొడుకు మొహం చూసి, నీళ్ళ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు అల్లుడు చెప్పాడు. నెలలు నిండాక చెబుదామని నాకు దాచిన మొదటి బిడ్డ, ఆరో నెలలో పోయిందని. వాళ్ళ నాన్న పోయిన కబురు మీ గుమ్మానికి వచ్చిన రోజునే పోయిందని. "అమ్మ ఒకేసారి రెండు శవాలు మొయ్యలేదు, ప్రార్థనలు అయ్యాక నేనే చెప్తాను" అని నొహేలియా మీ అందరి చేతా ఒట్టు వేయించుకుందని. ప్రార్థనలయ్యాక దానికి నోరు రాలేదు. నెలలు గడిచేకొద్దీ ఇంకా రాలేదు. ఈ ఫిబ్రవరితో మళ్ళీ ఆరో నెల. నన్ను చూస్తే ఏడ్చేస్తానని, ఏడిస్తే బిడ్డకేమవుతుందోనని భయపడిందట.

చొక్కాలు పెట్టె అడుక్కి ఎందుకు వెళ్ళాయో అప్పుడు అర్థమైంది. మొదటి బిడ్డకి మీరు కుట్టిన చొక్కాలు కళ్ళ ముందే ఉండేవని, వాటిని చూసి నా పిల్ల రోజూ ఏడ్చేదని దామియాన్ చెప్పాడు.

వదినా, నేను మిమ్మల్ని అంత అన్నాను. మీరు "పడతాను" అని రాశారు. ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క రాసి ఉంటే నా నోరు మూతపడేది. రాయలేదు. నా కూతురికిచ్చిన మాట కోసం నా చేత తిట్లు తిన్నారు.

మీ ఆయన మీద కోప్పడకండి. "ఇంటికెళ్తే మా ఆవిడ నన్ను సరస్సులో సొరచేపలకి వేస్తుంది" అని ఆ రోజు నుంచీ బెంగపెట్టుకున్నాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానకపోవడం వల్ల ఒక తల్లికి కళ్ళు తెరుచుకున్నాయి. నా తరఫున ఆయనకి ఒక పెద్ద చేప వేయించి పెట్టండి.

శనివారం రైల్లో వస్తున్నాను. తీసుకుపోవడానికి కాదు, మీ పక్కన కూర్చోవడానికి. ముందు నొహేలియాతో చెప్పండి, అమ్మకి తెలుసని, అమ్మ గట్టిగానే ఉందని. చేతనైతే ఇప్పుడు రావద్దని రాయండి చూద్దాం!

మీ ఒతీలియా


లెయోన్,
జులై 11, 1971

గ్రనాడాలో ఉన్న నా వదినగారికి,

క్షేమంగా చేరాను. మీరు కట్టిచ్చిన అరటాకు పొట్లం మనాగువా దాటకముందే ఖాళీ అయింది. పక్క సీటావిడ అడిగితే ఒక ముక్క పెట్టాను, రెండో ముక్క పెట్టలేదు.

రెండు వారాలని వచ్చి వానలు పడేదాకా ఉండిపోయానంటే మా వీధివాళ్ళు నమ్మడం లేదు. "ఏముందమ్మా గ్రనాడాలో?" అని అడుగుతున్నారు. ఏం చెప్పను? సరస్సు దీవుల మధ్య అన్నయ్యగారు పడవ నడుపుతుంటే మామిడి కొమ్మలు నెత్తికి తగిలాయని చెప్పాను. ఆ సరస్సులో కెరటాలు కూడా ఉంటాయని, మొదటిరోజు నేను అది సముద్రమనుకుని నీళ్ళు నాలిక మీద వేసుకుని చూశానని మాత్రం చెప్పలేదు. మీరూ ఎవరికీ చెప్పకండి. అన్నయ్యగారికి అసలే చెప్పకండి. మొంబాచో గురించి అడిగితే, అది పొద్దున్నే మబ్బుటోపీ పెట్టుకుని నోరు మూసుకుని కూర్చునే కొండ, మా నల్లకొండకి దాని దగ్గర చదువు చెప్పించాలి అన్నాను.

మనవరాలు పుట్టిన రోజు మన ఇద్దరి పోట్లాట తలుచుకుంటే నవ్వొస్తోంది. నేను మొక్కజొన్న జావంటే మీరు కోడి పులుసన్నారు. మంత్రసాని ఇద్దర్నీ బయటికి తోసి తలుపేసింది. బయట నిలబడి కూడా "జావ", "పులుసు" అనుకుంటూనే ఉన్నాం, లోపల ఆ ఏడుపు వినపడేదాకా. తలుపు తీశాక మంత్రసాని బిడ్డని మీ చేతికివ్వబోతే మీరు చేతులు వెనక్కి పెట్టుకుని, నా వీపు మీద చెయ్యేసి ముందుకి నెట్టారు.

పేరు సంగతి కూడా మా వాళ్ళకి చెప్పాను. మన ఇద్దరి పేర్లూ కలిపి పెడదామంటే నొహేలియా "వద్దు తల్లీ, పిల్ల పుట్టిన రోజు నుంచి తనతో తనే పోట్లాడుకుంటుంది" అని అమాందా అని పెట్టింది. మంచి పేరే.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, అసలు చెప్పాల్సింది ఎలా చెప్పాలో తెలియక. మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రోజూ చెప్పాలనుకున్నాను. మీరు ఎప్పుడూ ఏదో ఒకటి కడుగుతూనో, తరుగుతూనో ఉండేవారు. నోరు తెరిచేలోపు "ఆ కత్తి ఇటివ్వండి వదినా" అనేవారు.

మార్చిలో ఒక ఉదయం నన్ను శ్మశానానికి తీసుకెళ్ళారు. నొహేలియాతో మార్కెట్టుకని చెప్పాం. తెల్లటి సమాధుల మధ్య నడిపించి, వెనక గోడ దగ్గర మీ అమ్మగారి సమాధి ముందు ఆపారు. నేను అటూ ఇటూ చూశాను, చిన్న సమాధి ఏదీ కనిపించలేదు. "ఎక్కడ?" అని అడిగాను.

"ఇక్కడే. మా అమ్మ పక్కనే పెట్టించాను" అన్నారు మీరు. "అంత పసిదాన్ని ఒక్కదాన్నే ఎలా పెట్టను వదినా? చీకట్లో భయపడదూ? మా అమ్మ పదకొండుమందిని పెంచింది. ఏడ్చే పిల్లని ఎలా ఎత్తుకోవాలో ఆవిడకి తెలుసు."

అలా అని, శాలువా అంచుతో రాయి తుడిచి, ఆకులు ఏరి పక్కన పడేశారు. రోజూ చేసే పనిలాగే. అప్పుడు అర్థమైంది నాకు, అది మీరు వారం వారం చేసే పనేనని.

వదినా, నా మనవరాలు పుట్టకముందే పోయిందని తెలిసినప్పటి నుంచి నా గుండెలో ఒకటే ముల్లు. దాన్ని ఎవరూ ఎత్తుకోలేదే అని. ఆ ముల్లు ఆ ఉదయం మీ అమ్మగారి రాయి దగ్గర ఊడిపోయింది. నా బిడ్డ బిడ్డని మీరు మీ తల్లి ఒళ్ళో పెట్టారు. దీనికి థాంక్స్ అనే మాట నా నోటికి సరిపోలేదు, రాతకీ సరిపోవడం లేదు. అయినా రాస్తున్నాను. మా ఇంట్లో దీపం పెట్టే ప్రతిరోజూ మా ఆయన పేరుతోపాటు మీ అమ్మగారి పేరు కూడా తలుస్తున్నాను. ఆవిడ ఎలా ఉండేదో నాకు తెలియదు. మీలాగే ఉండి ఉంటుంది.

నొహేలియా ఆ సమాధి దగ్గరికి ఇంతవరకూ వెళ్ళలేదని మీరు చెప్పారు. దాన్ని తొందరపెట్టకండి.

మీ చెల్లెలు లాంటి వదిన,
ఒతీలియా


గ్రనాడా,
ఆగస్టు 17, 1971

ఒతీలియా వదినకు,

మీ ఉత్తరం దామియాన్ చేత పెద్దగా చదివించుకున్నాను, సముద్రం సంగతి వచ్చినప్పుడు లాసరో అక్కడే ఉన్నాడు. నా తప్పు లేదు. ఇప్పుడు రేవంతా "లెయోన్ ఆవిడ ఉప్పు చూసిందట" అని నవ్వుతోంది. మీరు వస్తే పడవెక్కించుకోవడానికి పోటీ పడుతున్నారు.

అంతంత పెద్ద మాటలు నాకు రాయకండి. చదివాక ఆ రోజంతా పని సాగలేదు. ఉల్లిపాయలు తరుగుతున్నానని చెప్పి తప్పించుకున్నాను, చేతిలో ఉల్లిపాయ లేదు.

మొన్న దేవమాత పండగ. ఊరేగింపు మా వీధిలోంచే పోయింది, గుర్రబ్బండ్లకి పూలు కట్టారు, పిల్ల టపాకాయలకి బెదిరి ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే నొహేలియా బిడ్డకి స్నానం చేయించి, మీరు కుట్టిన చొక్కా వేసి, నా ముందుకొచ్చి నిలబడింది. "అత్తమ్మా, నన్ను తీసుకెళ్తారా?" అంది.

ఎక్కడికని నేను అడగలేదు.

అమ్మ సమాధి దగ్గర చాలాసేపు నిలబడింది. నేను కాస్త దూరంగా వెళ్ళి గోడ పక్కన కూర్చున్నాను. అయినా వినపడింది. బిడ్డని ముందుకు తిప్పి పట్టుకుని, "ఇదిగో, నీ చెల్లెలు. పేరు అమాందా. బాగా అల్లరి" అని చెప్పింది. తరవాత ఇంకేదో అంది, అది నాకు వినపడలేదు. వినాల్సింది నేను కాదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని నా దగ్గరికొచ్చింది. బిడ్డని నా ఒళ్ళో పడేసి, "అత్తమ్మా, ఆకలేస్తోంది" అంది.

వదినా, ఏడాది దాటింది ఆ పిల్ల నోట ఆ మాట విని. నేను పెడితే తినేది కాని, అడిగింది లేదు. గేటు దగ్గర కాల్చిన మొక్కజొన్న కంకులమ్మే ఆవిడ ఉంది. ఒకటి తింది. ఇంకొకటి తింది. మూడోది నిప్పుల మీద కాలుతుంటే పక్కనే నిలబడి, బిడ్డతో ఏదో కబుర్లు చెప్తూ, అది కాలేదాకా ఆగింది.

ఫిదెలీనా